తిథి తాతది, తారీఖు నాది

పొద్దున పేపరు రాగానే నేను ముందు చూసేది లోపలి పేజీలో ఒక మూలన వేసే చిన్న పెట్టె. ఈ తారీఖున లోకంలో ఏమేం జరిగాయో, ఎవరు పుట్టారో, ఎవరు పోయారో అందులో వేస్తారు. జరిగినవి పైన, పుట్టినవాళ్ళు మధ్యన, పోయినవాళ్ళు అడుగున. ఒకళ్ళకొకళ్ళు తగలకుండా మధ్యలో గీతలు కొట్టి ఎంత శుభ్రంగా సర్దుతారో! చూసినప్పుడల్లా నాకు విసుగొస్తుంది, కాస్త అసూయ కూడా కలుగుతుంది. మా ఇంట్లో అంత వసతి లేకపోయింది. నేను పుట్టిన రోజూ మా తాత పోయిన రోజూ ఒకటే. మధ్యలో గీత కొట్టిన వాళ్ళెవరూ లేరు.

ఇప్పుడు ఓపిక తగ్గింది. పంచాంగం తెరిస్తే పుట్టింటి వాళ్ళో మెట్టినింటి వాళ్ళో ఎవరో ఒకరు ఏ నెలకానెల విస్తరి వెయ్యమని కూర్చుని ఉంటారు. ఒకరి తద్దినం గారెలు వండి నడుం వాల్చేలోపు ఇంకొకరి తిథి వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. బతికున్నప్పుడు ఒక్కపూట భోజనానికి ఇంతమందిని కూడేయడం ఎవరి వల్లా కాలేదు. పోయాక మాత్రం అందరూ వేళకు వస్తారు. ఇదంతా నిష్ఠూరంగా అంటున్నానని అనుకోవద్దు. అలిసిపోయి అంటున్నాను.

నేను పుట్టింది 1950 అక్టోబరు ఒకటిన. మా ఊరు చిలకలూరిపేటకూ మార్టూరుకూ మధ్యన రోడ్డు దిగి, నల్లరేగడిలో చాలాదూరం నడిస్తే వస్తుంది. ఆ నేల ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే కాలు వదలదు. అది మిరపనారు నాటే కాలం, పైగా ముసురు. మా అమ్మకు చిన్నప్పుడే తల్లి పోయింది. పురిటికి పంపడానికి పుట్టిల్లు లేక అత్తగారింట్లోనే ఉంచారు. తెల్లవారకముందే నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని చూస్తే పక్క ఊళ్ళో చుట్టాలింట్లో ఉందన్నారు. మా నాన్నకు కాళ్ళూ చేతులూ ఆడకపోతే, తాతే బండి కట్టుకుని బయలుదేరాడు.

తిరిగొచ్చేటప్పుడు వాగు గట్టున చక్రం ఇరుసుదాకా దిగబడింది. తాత ఆవిణ్ణి దించి, "నువ్వు నడువమ్మా, అక్కడ పిల్ల ఒక్కతే ఉంది. బండి సంగతి నేను చూసుకుంటాలే" అన్నాడట. ఆవిడ మోకాళ్ళదాకా బురదతో వచ్చి నాకు పురుడు పోసింది. సాయంత్రానికి బండీ వచ్చింది. తాత అందులో పడుకుని వచ్చాడు. చక్రానికి భుజం పెట్టి లేపుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడని పక్కచేల వాళ్ళు చెప్పారు.

ఇంట్లో ఒక గదిలో పురుడు, వసారాలో మైల. పదకొండో రోజున నాకు పురుటిస్నానం, ఆయనకు దినం. ఒకే గాడిపొయ్యి మీద రెంటికీ కలిపి వంట. ఇంటి పెద్ద పేరు ఇంట్లోంచి పోకూడదని మా నాన్న పట్టుబట్టి, తాత పేరు చివర అక్షరాలు మార్చి, ఆడపేరు చేసి నాకు పెట్టాడు. ఆ పేరేమిటని అడక్కండి, రాయను. పెద్దాయన పేరు అలా అలుసుగా వాడటం మా ఇంట్లో అలవాటు లేదు.

"తాతను మింగి పుట్టింది" అని ఊళ్ళో అమ్మలక్కలు అనేవాళ్ళు. మొహాన అనడానికి మావాళ్ళు మొహమాటపడరు కాబట్టి నా ముందే అనేవాళ్ళు. మా నాయనమ్మ మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేదు. అసలు నన్ను ఏమీ అనేది కాదు. అన్నం పెట్టేది, జడ వేసేది, జ్వరమొస్తే పక్కన కూర్చునేది. పేరు పెట్టి మాత్రం పిలిచేది కాదు. తమ్ముణ్ణి వాడి పేరు ఊరంతా వినపడేలా కేకేసి పిలిచేది. నేను మాత్రం "పిల్లా", "ఏమే", "ఇదుగో". ఊళ్ళోవాళ్ళు నోటితో అన్నదే ఆవిడ మనసులో ఉందని నేను నమ్మాను. పిల్లలకు రుజువులు అక్కర్లేదు.

ఏటా ఒకరోజు మా వాకిట్లో ముగ్గు ఉండేది కాదు. తద్దినం నాడు కాకి ముట్టేదాకా వాకిట్లో ముగ్గు వెయ్యరు, తలంట్లు ఉండవు, పిల్లలు గట్టిగా నవ్వితే కసురుతారు. అది ఎవరికైనా మామూలే. కానీ అదే నా పుట్టినరోజని తెలిశాక ఒకసారి నేను ముగ్గు లేని వాకిట్లో కూర్చుని లేవనని మొరాయించాను. అప్పుడు మా అమ్మ నన్ను గొడ్లచావిడి వెనక్కి తీసుకుపోయి, ఎవరికీ చెప్పవద్దని ఒట్టేయించుకుని ఒక రహస్యం చెప్పింది.

"తిథి మీ తాతది. తారీఖు నీది."

నాన్న మిరపకాయలు వేసుకుని గుంటూరు వెళ్ళినప్పుడు కమీషను కొట్లో ఇచ్చిన కేలెండరు ఒకటి వంటింటి తలుపు వెనక వేలాడేది. నాయనమ్మ దాని వంక కూడా చూసేది కాదు. ఆవిడకు రోజంటే పంచాంగమే. తాత పోయిన భాద్రపద బహుళ షష్ఠి ఒక ఏడు సెప్టెంబరు నడిమికి వస్తుంది, ఇంకో ఏడు అక్టోబరులోకి జరుగుతుంది. తారీఖు మాత్రం కదలదు. ఆ సందులోంచి మా అమ్మ నాకొక పుట్టినరోజు లాగి ఇచ్చింది. అక్టోబరు ఒకటి పొద్దున్నే నూనె రాసి తలంటేది. అందరి వాకిళ్ళలోలాగే మా వాకిట్లోనూ ముగ్గుండేది, అయితే ఆరోజు మూలన ఒక పువ్వు ఎక్కువ వేసేది. "ఏందే ఇయ్యాళ తలంటు?" అని నాయనమ్మ అడిగితే, "పేలు పడ్డయ్యి అత్తయ్యా" అనేది. నాకు ప్రతి అక్టోబరులో పేలు పడేవి.

నాకు మూడేళ్ళు నిండిన తారీఖునే ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. నాకు గుర్తులేదు, విన్నదే. రాజధాని బెజవాడకు రాకుండా కర్నూలు వెళ్ళిందని మా నాన్న అరుగుమీద రుసరుసలాడుతూనే వచ్చినవాళ్ళందరికీ బెల్లం పంచాడట. మద్రాసులో ఒకాయన అన్నం మానుకుని ప్రాణం వదిలితే గాని ఈ రాష్ట్రం రాలేదని ఎవరో చెబుతుంటే నాయనమ్మ వింటూ ఉండి, "ఒకరు పోందే ఒకటి పుట్టదు గావాల" అందట. అని నావంక చూసిందని మా మేనత్త చెప్పేది. మేనత్తకు ఇలాంటివి చెప్పడం ఇష్టం.

బళ్ళో వేశాక నా తారీఖుకు మహర్దశ పట్టింది. అక్టోబరు ఒకటిన మా పంతులుగారు కాగితపు జెండాలు కట్టించి, పాటలు పాడించి, మరమరాల ఉండలు పంచేవారు. అది రాష్ట్రం పుట్టినరోజని ఆయన చెప్పే ఉంటారు. నా చెవికి పుట్టినరోజన్న మాటే ఎక్కింది. అమ్మ రహస్యం ఎలాగో బయటికి పొక్కి, బడి అంతా నాకోసమే పండగ చేస్తోందని అనుకున్నాను. కొత్త పావడా కుచ్చిళ్ళు రెండు చేతులా పట్టుకుని ముందు వరసలో నిలబడేదాన్ని. రెండేళ్ళు అలా నిలబడ్డాను. అంత సుఖం నాకు తరవాత ఎప్పుడూ కలగలేదంటే అబద్ధం కాదు.

ఆ తరవాత ఓట్లకు ముందు పేర్లు సరిచూసుకునే గుమాస్తా ఒకాయన మా ఇంటికి వచ్చాడు. నాన్న పొలంలో, అమ్మ చెరువు దగ్గర. నాయనమ్మా నేనూ ఉన్నాం.

"మీ ఆయన పేరు చెప్పండమ్మా" అన్నాడు.

"ఆయన లేడు."

"పేరుంటది గదమ్మా."

నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక మొగుడి పేరు పలికింది లేదు. ఆయన పేరు ఒక దేవుడి పేరు. ఆ దేవుడి గుడికి వెళ్ళినా "సామీ" అని ఊరుకునేది. గుమాస్తా కలం పట్టుకుని విసుక్కుంటున్నాడు. ఆవిడ నా రెక్క పట్టుకుని ఆయన ముందుకు తోసింది.

"ఇదుగో, దీని పేరు అడగండి. అదే ఆయన పేరు. కడాన మగపేరు చేసుకోండి."

నేను చెప్పాను. ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ నన్ను ఎందుకు పిలవదో నాకు అప్పుడు తెలిసింది. మొగుడి పేరు నోటికి రానప్పుడు అదే పేరున్న మనవరాల్ని ఎలా పిలుస్తుంది? కోపం కాదు, మర్యాద. తెలిసింది కదా అని సంతోషించానా అంటే లేదు. ఇంకా ఏడుపొచ్చింది. రోజు చూస్తే ఆయనది, పేరు చూస్తే ఆయనది. కారణం మంచిదే కావచ్చు, నాకు కావాల్సింది మాత్రం నాయనమ్మ ఒక్కసారి నన్ను పేరుతో పిలవడం.

ఆ ఏడు అక్టోబరు ఒకటిన తలంటుకుని, పావడా కుచ్చిళ్ళు పట్టుకుని బడికి వెళితే జెండాల్లేవు. పంతులుగారు ఎక్కాలు చెప్పిస్తున్నారు. మరమరాల ఉండలేవని అడిగితే నవ్వి, "ఆంధ్ర రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది గదమ్మా. ఇక పండగ నవంబరు ఒకటిన" అన్నారు. పలక చంకన పెట్టుకుని, ఏడుస్తూ ఇంటికొచ్చేశాను.

"ఏందే? ఎవరు కొట్టారు?" అంది నాయనమ్మ.

"నా పుట్టినరోజు నవంబరుకు మార్చేశారంట!"

అమ్మ రహస్యమంతా అరుగుమీద ఒలికిపోయింది. అమ్మ వంటింటి గుమ్మంలో కొయ్యబారిపోయింది. నాయనమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పేలు ఎందుకు పడుతున్నాయో అర్థమై కాబోలు, నవ్వింది. ఆవిడ పళ్ళు కనిపించేలా నవ్వడం నేను చూడటం అదే మొదలు.

"రాష్ట్రానికేమే, నెల అటో ఇటో జరుపుకుంటది. మనిషికి ఆ వీలుందా?" అని నా మొహం తన కొంగుతో తుడిచింది. తుడుస్తూ ఏదో పిలవబోయి, "పిల్లా" అనే అంది.

తరవాత పదేళ్ళ పైన ఏ గొడవా లేకుండా గడిచింది. తిథికి ముగ్గు ఉండేది కాదు, తారీఖుకు ఉండేది. నాయనమ్మ తెలిసీ తెలియనట్టు ఊరుకునేది. నేను పెద్దదాన్నయ్యాను, పెళ్ళయింది, మార్టూరు అవతలి ఊరికి కాపురానికి వెళ్ళాను. అక్కడ నేనూ మొగుడి పేరు పలక్కుండా బతకడం నేర్చుకున్నాను. ఆయన పేరులో ఒక పండగ పేరుంది. ఆ పండగ మాటొస్తే "మొన్నటి ఆ పండగ" అనేదాన్ని. మా ఆడబిడ్డ నవ్వి చచ్చేది. నాయనమ్మ గుర్తొచ్చి నాకు నవ్వు వచ్చేది కాదు.

1969లో, పెళ్ళయిన మొదటి ఏడాదే, అమ్మ కబురు పెట్టింది. ఈసారి తద్దినం సరిగ్గా అక్టోబరు ఒకటిన వచ్చిందనీ, నన్ను రమ్మనీ. తద్దినానికి రమ్మందో పుట్టినరోజుకు రమ్మందో కబురు తెచ్చినవాడికి తెలియదు. బస్సు దిగి రేగడిలో నడిచి, ముందురోజు చీకటిపడే వేళకు ఇల్లు చేరాను. పంతొమ్మిదేళ్ళకోసారి తిథీ తారీఖూ కలుస్తాయని పురోహితుడు నాన్నకు చెప్పాడట. అమ్మ అంత తెలివిగా విడదీసినవి వాటంతటవే వచ్చి అతుక్కున్నాయి.

తెల్లవారి లేచేసరికి అమ్మ వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు చిప్ప చేతిలో పట్టుకుని ఊరికే నిలబడి ఉంది. నా కళ్ళకు ఆవిడ ఒక్కసారిగా ముసలిదైపోయినట్టు కనిపించింది.

"వద్దులేమ్మా, ఒక్క ఏడుకి ఏమైద్ది" అన్నాను.

"నేనిచ్చింది ఆ ఒక్కటేనే నీకు" అంది.

అరుగుమీద నాయనమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ళు బాగా తగ్గాయి, చెవులు మాత్రం పదును. "ఏందే అక్కడ?" అంది.

"ముగ్గు సంగతి అత్తయ్యా."

"కాకి ముట్టనీ. తర్వాత ఏసుకోండి" అంది. న్యాయమైన తీర్పే. అమ్మ చిప్ప గూట్లో పెట్టి వంటకు వెళ్ళింది.

మధ్యాహ్నానికి నాన్న తడిబట్టలతో పిండం తీసుకెళ్ళి పెరటి గోడమీద పెట్టాడు. కాకి రాలేదు. "కా, కా" అన్నాడు. "నాన్నా, రా" అన్నాడు. మబ్బు పట్టి ఉంది, గాలి లేదు. "ఊళ్ళో కాకులేడున్నయ్యి, పత్తికి ఎండ్రిన్ మందు కొట్టీ కొట్టీ!" అన్నాడు గోడ అవతలి నుంచి పక్కింటాయన. పోయినాయనకు చుట్టలంటే ప్రాణమని ఒక చుట్ట తెచ్చి పిండం పక్కన పెట్టారు. రాలేదు. గోంగూర మర్చిపోయామని తెచ్చి పెట్టారు. రాలేదు. కాకి ముడితే గాని ఎవరూ అన్నం తినడానికి లేదు. తమ్ముడు ఆకలికి గుమ్మానికి జారబడ్డాడు. పురోహితుడు పొద్దు చూసుకుంటున్నాడు.

అప్పుడు మా మేనత్త అననే అంది. "దీని పుట్టినరోజని ముగ్గెయ్యాలనుకున్నారుగా. నాన్నకు కోపమొచ్చి ఉంటది. దీన్ని చూసే రావట్లా."

ఎవరూ ఆవిణ్ణి కసరలేదు. నాన్న నా వంక చూసి తల తిప్పుకున్నాడు. అనుమానం ఆయనకూ ఉందని నాకు తెలిసిపోయింది. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా అలసట కమ్మింది, అంతే. పుట్టినప్పటినుంచీ మోస్తున్న బరువు దించుకోవడానికి చోటు లేదని తెలిసినప్పుడు ఏడుపు ఎందుకొస్తుంది? నేను కంటబడకపోతే వస్తాడేమోనని గొడ్లచావిడి వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. అమ్మ నాకు తారీఖు ఇచ్చిన చోటే అది. చీకటి పడకముందే ఏదో ఒక బస్సు పట్టుకుని వెళ్ళిపోదామనుకున్నాను. ఇక ఏ ఏడూ రాకూడదనుకున్నాను.

అరుగు మీద కర్ర చప్పుడైంది. చావిడి సందులోంచి చూశాను. నాయనమ్మ లేచి, గోడ తడుముకుంటూ పెరట్లోకి వస్తోంది. అత్త పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుంది. పిండం పెట్టిన గోడ దగ్గరకొచ్చి ఆగింది. మొహం పైకెత్తి, కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా, పేరు పెట్టి పిలిచింది.

నాన్న నోరు తెరిచాడు. తల్లి నోట తండ్రి పేరు వినడం ఆయనకు అదే మొదటిసారి. ఆవిడ మొత్తం పేరు అనలేదు. సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఆ సగం తాతకూ నాకూ ఒకటే. ఆడపేరా మగపేరా తేల్చే అక్షరాలు చివరన ఉంటాయి, అవి బయటికి రాలేదు. నిలబడి ఊపిరి పీల్చుకుని మళ్ళీ పిలిచింది. మళ్ళీ అంతవరకే వచ్చింది.

గోడమీద ఏ అలికిడీ లేదు. నేను చావిడి వెనకనుంచి బయటికొచ్చాను.

"ఆఁ, నాయనమ్మా" అన్నాను.

ఆవిడ నా గొంతు వచ్చిన వైపు తిరిగింది. కనపడని కళ్ళతో నావంక చూస్తూ చెయ్యి చాపింది. దగ్గరకు వెళ్ళాను. నా తల తడిమింది, భుజాలు తడిమింది.

"వచ్చావా" అంది.

కాకి కాసేపటికి వచ్చి ముట్టిందని అందరూ అన్నారు. నేను చూడలేదు. అమ్మ ముగ్గు చిప్ప తెచ్చి నా చేతికిచ్చింది. ఆ వాలుపొద్దుకాడ, మబ్బుకింద, మా వాకిట్లో నేనే వంగి నా ముగ్గు వేసుకున్నాను. తరవాత నాయనమ్మ బతికినన్నాళ్ళూ మళ్ళీ నన్ను "పిల్లా" అనే పిలిచింది. ఆ రోజు ఎవరిని పిలిచావని నేనెప్పుడూ అడగలేదు. అంతమందిలో అంత నోరు తెరిచి పిలిస్తే ఎవరో ఒకరం పలకాలి కదా, నేను పలికాను.